ట్రాఫిక్ పడితే టాస్క్ దానంతటదే పడాలంటే: జాపియరా, మేకా, ఎన్‌ఎయిట్‌ఎన్‌నా?

సోమవారం మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు, "ఆ ల్యాండింగ్ పేజీకి ట్రాఫిక్ సగానికి సగం పడిపోయింది" అని. ఎప్పటి నుంచి అంటే, పోయిన మంగళవారం నుంచి. అంకెలన్నీ గూగుల్ అనలిటిక్స్‌లో ఉన్నాయి. చేయాల్సిన పనులన్నీ ట్రెల్లోలోనో, అసానాలోనో, క్లిక్‌అప్‌లోనో ఉన్నాయి. ఆ రెండిటి మధ్యా తిరగాల్సింది ఒక మనిషి. ఆ మనిషికి ఆ వారం వేరే డెడ్‌లైన్ ఉంది.

కోడ్ రాయకుండా ఈ రెండిటినీ కలిపిపెట్టే సర్వీసులు, జాపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ లాంటివి, ఇప్పుడు బోలెడున్నాయి. ఏది తీసుకోవాలని అడిగేవాళ్లు ఎక్కువగా చూసేది ఎన్ని యాప్‌లకు కనెక్ట్ అవుతుంది, నెలకు ఎంత అవుతుంది అని. ఈ పని వరకూ ఆ రెండూ తర్వాతి సంగతులే అంటాను నేను. అనలిటిక్స్ అంకెలు ఎంత ఆలస్యంగా వస్తాయి, మీరు ఎంచుకునే సర్వీసు దేన్ని లెక్కపెట్టి బిల్లు వేస్తుంది, ఈ రెండూ తెలిస్తే ఎంపిక సగం తేలిపోతుంది.

అనలిటిక్స్ తనంతట తాను కబురు పంపదు

ట్రెల్లోలో కార్డు ఒక లిస్టు నుంచి ఇంకో లిస్టుకు జరిగితే ఆ కబురు వెబ్‌హుక్ (ఏదైనా జరగ్గానే ఇంకో సర్వీసుకు దానంతటదే వెళ్లే సందేశం) ద్వారా క్షణాల్లో బయటికి పోతుంది. జిరా, అసానా, క్లిక్‌అప్ కూడా అంతే. గూగుల్ అనలిటిక్స్ 4 అలా కాదు. "ఈ పేజీకి జనం తగ్గారు" అని అది ఏ ఆటోమేషన్ సర్వీసుకూ చెప్పదు. మనమే వేళకు వెళ్లి రిపోర్టు అడగాలి. అడిగినా పూర్తి లెక్క వెంటనే ఉండదు, ఆ రోజు డేటా ప్రాసెస్ కావడానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చని గూగులే చెబుతుంది. రియల్‌టైమ్ రిపోర్టు ఉంది కానీ అది చూపించేది ఆఖరి 30 నిమిషాలే.

అందుకని, ఖరీదైన ప్లాన్‌లో "ప్రతి నిమిషం చెక్ చేస్తుంది" అని రాసి ఉంటే, ఈ పనికి ఆ సదుపాయం దండగ. రెండు రోజుల తర్వాత స్థిరపడే అంకెను నిమిషానికోసారి అడిగితే ఒరిగేదేమీ లేదు. రోజుకు ఒకసారి, ఉదయం, మొన్నటి లెక్క అడిగితే చాలు. మొన్నటి రోజును దాని ముందు రోజుతో కాకుండా, అంతకు ముందు వారంలోని అదే రోజుతో పోల్చాలి. ఆదివారాన్ని శనివారంతో పోల్చారంటే వారం వారం ఉత్తుత్తి అలారాలే.

సీజన్ వ్యాపారమైతే ఇంకో చిక్కు. ఊరగాయలు అమ్మే సైటు ఉందనుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆవకాయ పేజీకి ఉండే సందడి ఆగస్టులో ఉండదు. నెలను నెలతో పోల్చే రూల్ పెడితే జులై అంతా "ఆవకాయ పేజీ ట్రాఫిక్ పడిపోయింది" అనే టాస్కులే వస్తాయి. అందులో టీమ్ చేయగలిగిందేమీ లేదు. అలాంటి పేజీలను పోయిన ఏడాది అదే వారంతో పోల్చాలి, లేదంటే జాబితాలోంచి తీసేయాలి.

డబ్బు పెట్టకముందు ఉన్న దారి

ఇది చాలామంది వాడరు, ఎందుకో తెలియదు. గూగుల్ అనలిటిక్స్ 4లోనే కస్టమ్ ఇన్‌సైట్స్ ఉన్నాయి. "సెషన్లు (సైటుకు వచ్చిన సందర్శనలు) పోయిన వారం కన్నా ఇంత శాతం తగ్గితే నాకు మెయిల్ పంపు" అని షరతు పెట్టుకోవచ్చు. ఒక ప్రాపర్టీకి, అంటే అనలిటిక్స్‌లో ఒక సైటు లెక్కలుండే ఖాతాకు, 50 దాకా పెట్టుకోవచ్చు. ఇంకోవైపు ట్రెల్లోలో ప్రతి బోర్డుకూ సొంత ఈమెయిల్ అడ్రస్ దొరుకుతుంది, దానికి మెయిల్ పంపితే అది కార్డు అవుతుంది. అసానా ప్రాజెక్టుకు, క్లిక్‌అప్ లిస్టుకు కూడా ఈ ఏర్పాటు ఉంది. అనలిటిక్స్ మెయిల్ వచ్చినప్పుడు జీమెయిల్ ఫిల్టర్‌తో ఆ అడ్రస్‌కు ఫార్వర్డ్ చేయండి. ఫార్వర్డింగ్ అడ్రస్ నిజమా కాదా అని జీమెయిల్ ఒక కోడ్ పంపుతుంది. ఆ కోడ్ కూడా మీ బోర్డు మీద కార్డుగానే వచ్చి పడుతుంది, అక్కడే చూసి ఎక్కించుకోవచ్చు.

ఒక సైటు, నలుగురి టీమ్, నెలకు నాలుగైదు అలర్టులు ఉన్నవాళ్లకు ఇది చాలు. ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు.

ఇది ఎక్కడ చాలదంటే, కార్డు పేరుగా మెయిల్ సబ్జెక్టే వస్తుంది. ఏ పేజీ, ఎవరి బాధ్యత, ఎప్పటిలోగా అనేవి ఉండవు. నిన్న వచ్చిన సమస్య మీద ఇవాళ మళ్లీ కొత్త కార్డు పుడుతుంది. పది మంది క్లయింట్ల సైట్లు చూసే ఏజెన్సీకి ఈ గందరగోళం వారం కూడా నడవదు. అప్పుడే కింది సర్వీసుల అవసరం వస్తుంది.

మీటర్ ఎలా తిరుగుతుంది

జాపియర్ "టాస్క్" లెక్కన తీసుకుంటుంది. అంటే విజయవంతంగా పూర్తయిన ప్రతి యాక్షన్‌కు ఒకటి. ఆటోమేషన్‌ను మొదలుపెట్టే ట్రిగ్గర్‌కు, వడకట్టే ఫిల్టర్‌కు లెక్క లేదు. మేక్ 2025 దాకా "ఆపరేషన్" అనేది, ఇప్పుడు "క్రెడిట్" అంటోంది. మామూలు మాడ్యూల్, అంటే ఆటోమేషన్‌లో ఒక మెట్టు, ఒకసారి నడిస్తే ఒక క్రెడిట్ ఖర్చు. కొత్త డేటా ఉందా అని తొంగిచూసి ఏమీ లేక వెనక్కి వచ్చినా ఖర్చే. ఎన్‌ఎయిట్‌ఎన్ క్లౌడ్ మాత్రం "ఎగ్జిక్యూషన్" లెక్కన చూస్తుంది. వర్క్‌ఫ్లో మొదలై ముగిస్తే ఒకటి. లోపల మూడు మెట్లున్నా మూడొందలున్నా ఒకటే.

పది సైట్లు చూసే ఏజెన్సీ అనుకుందాం. రోజూ ఉదయం గూగుల్ షీట్ నుంచి సైట్ల జాబితా తెచ్చుకుని, ఒక్కో సైటుకు టాప్ 50 ల్యాండింగ్ పేజీల రిపోర్టు అడిగి, బాగా పడిపోయిన పేజీలను వడకట్టి, ఆ పేజీ మీద ఇప్పటికే టాస్క్ ఉందేమో వెతికి, లేకపోతే కొత్తది పెట్టాలి. రోజుకు మూడు పేజీలు ఫిల్టర్ దాటాయనుకుంటే, నా లెక్క ప్రకారం జాపియర్‌లో నెలకు దాదాపు 500 టాస్కులు. మేక్‌లో వరుసలను విడగొట్టే మాడ్యూల్ ఖర్చు కూడా కలుపుకుంటే 800 దాకా. ఎన్‌ఎయిట్‌ఎన్‌లో 30.

జాపియర్ ఉచిత ప్లాన్ నెలకు 100 టాస్కులు, అదీ రెండు మెట్ల జాప్‌లకే (జాప్ అంటే అక్కడ ఒక ఆటోమేషన్). కాబట్టి ఈ పని అక్కడ ఉచితంగా కాదు. మేక్ ఉచిత ప్లాన్ నెలకు 1,000 క్రెడిట్లు, ఒకేసారి రెండు సినారియోలు (ఆటోమేషన్లకు మేక్ పెట్టిన పేరు) నడుస్తాయి. ఇరుకుగానే అయినా పట్టేస్తుంది.

కానీ మేక్‌లో జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఫిల్టర్‌ను రిపోర్టు తర్వాత వెంటనే పెట్టాలి. "ముందు ఈ పేజీ ఎవరిదో షీట్‌లో వెతుకుదాం, తర్వాత వడకడదాం" అనుకుంటే ప్రతి పేజీకీ ఒక వెతుకులాట. పది సైట్లకు రోజుకు 500, నెలకు 15,000. అదే పని, అవే టాస్కులు, మెట్ల వరుస మారిందంతే. ఇంకా మేలు, వడకట్టే పనిలో కొంత గూగుల్‌కే అప్పజెప్పడం. అనలిటిక్స్ డేటా ఏపీఐ (వేరే ప్రోగ్రాములు రిపోర్టు అడిగే దారి) ఒకే రిపోర్టులో రెండు తేదీల వ్యవధులు ఇస్తుంది, ఇన్ని వరుసలే కావాలని పరిమితి పెడితే వింటుంది.

జాపియర్ ఎవరికి

2011లో మొదలైన జాపియర్‌కు ఉన్న బలం, టెక్నికల్ కాని మనిషి కూడా ఎవరి సాయం లేకుండా మధ్యాహ్నానికల్లా మొదటి ఆటోమేషన్ నడిపించగలగడం. కనెక్ట్ అయ్యే యాప్‌లు వేలల్లో ఉన్నాయి. ఎర్రర్ వస్తే ఎక్కడ ఆగిందో చెప్పే తీరు కూడా మిగతావాటి కంటే అర్థమయ్యే భాషలో ఉంటుంది. అయితే మన పని స్వభావం వేరు. "ఒక ఫారం వచ్చింది, ఒక టాస్క్ పెట్టు" లాంటి ఒకటికి ఒకటి పనులకు జాపియర్ పుట్టింది. వరుసల మూట తెచ్చుకుని విప్పి, పోల్చి, ఏరడం దానికి అంత సుఖమైన పని కాదు. లూపింగ్ (ఒకే మెట్టును ప్రతి వరుసకూ మళ్లీ మళ్లీ నడపడం) ఉంది, కానీ లూప్ లోపలి ప్రతి యాక్షన్‌కూ మీటర్ తిరుగుతుంది. మార్కెటింగ్ టీమ్‌లో ఒక్కరే ఉండి, సైటు ఒకటే అయి, కంపెనీ బిల్లు కడుతుంటే జాపియర్ తీసుకోండి. అంతకు మించితే నేను అటు వెళ్లను.

మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ మధ్య

అసలు పోటీ ఈ రెండిటి మధ్యే. మేక్ పాత పేరు ఇంటెగ్రోమాట్. ప్రాగ్‌లో పుట్టింది, 2020లో సెలోనిస్ కొన్నది, 2022లో పేరు మారింది. కాన్వాస్ మీద గుండ్రటి మాడ్యూళ్లను గీతలతో కలుపుకుంటూ పోవడం, ప్రతి మాడ్యూల్ మీద నొక్కితే లోపలికి ఏం వెళ్లింది, బయటికి ఏం వచ్చింది కనిపించడం దీని గొప్ప. వరుసలను విడగొట్టే ఇటరేటర్, మళ్లీ ఒకటి చేసే అగ్రిగేటర్ ఉన్నాయి. అగ్రిగేటర్‌ను చిన్నచూపు చూడకండి. పది పేజీలు పడితే పది టాస్కులు కాకుండా, పది వరుసల చెక్‌లిస్ట్‌తో ఒకే టాస్క్ పెట్టించేది అదే. పొద్దున్నే పది కార్డులు చూసిన టీమ్ ఒక్కటీ తెరవదు.

ఎన్‌ఎయిట్‌ఎన్ బెర్లిన్‌లో 2019లో వచ్చింది. కమ్యూనిటీ ఎడిషన్‌ను మీ సొంత సర్వర్ మీద పెట్టుకుని, మీ సంస్థ లోపలి పనులకు లైసెన్స్ డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. అయితే ఇది పూర్తి ఓపెన్ సోర్స్ లైసెన్స్ కాదు. ఎన్‌ఎయిట్‌ఎన్‌నే హోస్ట్ చేసి క్లయింట్లకు సర్వీసుగా అమ్మాలంటే వాళ్లతో వేరే ఒప్పందం కావాలి. ఇందులో అనలిటిక్స్ నోడ్ (మెట్టుకు ఎన్‌ఎయిట్‌ఎన్ పెట్టిన పేరు) ఉంది. అందులో పాత యూనివర్సల్ అనలిటిక్స్ కూడా కనిపిస్తే పట్టించుకోకండి, మామూలు ప్రాపర్టీలకు అది 2023 జులై 1తో డేటా తీసుకోవడం మానేసింది. యూట్యూబ్‌లో ఆ పాతదాని మీద చేసిన పాఠాలు ఇంకా తిరుగుతున్నాయి, తేదీ చూసి తెరవండి.

"ఉచితం" అని ఎన్‌ఎయిట్‌ఎన్ వైపు పరిగెత్తేవాళ్లు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సొంత సర్వర్ అయితే గూగుల్ క్లౌడ్‌లో ఓఆథ్ క్లయింట్ (మీ గూగుల్ డేటా చూడ్డానికి ఎన్‌ఎయిట్‌ఎన్‌కు అనుమతి ఇచ్చే ఏర్పాటు) మీరే తయారు చేసుకోవాలి. ఆ ప్రాజెక్టును "టెస్టింగ్" స్థితిలో వదిలేస్తే, ఇచ్చిన అనుమతి 7 రోజులకు చెల్లిపోతుంది. వారం బ్రహ్మాండంగా నడిచి ఎనిమిదో రోజు ఆగిపోయిందని తల పట్టుకునేవాళ్లలో చాలామంది కథ ఇదే. ప్రొడక్షన్ స్థితికి మార్చాలి, లేదా గూగుల్ వర్క్‌స్పేస్ ఉంటే "ఇంటర్నల్" అని పెట్టుకోవాలి. తర్వాత టైమ్‌జోన్. సొంతంగా పెట్టుకున్న ఎన్‌ఎయిట్‌ఎన్‌కు డిఫాల్ట్ టైమ్‌జోన్ న్యూయార్క్. మార్చకపోతే ఉదయం 9 గంటలకని పెట్టిన పని మనకు సాయంత్రం 6:30కో 7:30కో నడుస్తుంది. పాస్‌వర్డ్‌లను దాచే ఎన్‌క్రిప్షన్ కీని బ్యాకప్ చేసుకోకుండా సర్వర్ మార్చారా, సేవ్ చేసిన కనెక్షన్లన్నీ మళ్లీ మొదటి నుంచి కలుపుకోవాలి.

ఇవన్నీ వింటే టెన్షన్ వస్తోందంటే, మీకు మేక్ సరైనది. ఆఫీసులో లైనక్స్ సర్వర్ చూసుకునే మనిషి ఒకరుండి, సైట్లు పదికి మించి ఉంటే ఎన్‌ఎయిట్‌ఎన్. సర్వర్ తలనొప్పి వద్దు, మెట్లు మాత్రం చాలా ఉన్నాయంటే ఎన్‌ఎయిట్‌ఎన్ క్లౌడ్ ధర ఒకసారి చూడండి, నెలకు 30 ఎగ్జిక్యూషన్లే అయ్యే పనికి చిన్న ప్లాన్ కూడా మిగిలిపోతుంది.

మన దగ్గరివి

చెన్నై జోహో వారి జోహో ఫ్లో గురించి ఒకే మాట: మీ పనులు ఇప్పటికే జోహో ప్రాజెక్ట్స్‌లో ఉంటే, ముఖ్యంగా జోహో వన్ కడుతుంటే, ముందు దీన్నే ప్రయత్నించండి. బిల్లు రూపాయల్లో ఉంటుంది, జీఎస్టీ ఇన్‌వాయిస్ సక్రమంగా వస్తుంది. భోపాల్ నుంచి వచ్చిన పాబ్లీ కనెక్ట్ ఒకసారి కడితే చాలనే ప్లాన్‌తో పేరు తెచ్చుకుంది. చిన్న వ్యాపారులకు నచ్చేది అదే. కానీ ఏ సర్వీసైనా సరే, "గూగుల్ అనలిటిక్స్ సపోర్ట్ ఉంది" అనే లోగో చూసి డబ్బు కట్టకండి. కొన్నిచోట్ల ఆ లోగో అర్థం అనలిటిక్స్‌కు ఈవెంట్ పంపగలదని మాత్రమే. మనకు కావాల్సింది రిపోర్టు తెచ్చుకునే యాక్షన్. అది జాబితాలో ఉందో లేదో ట్రయల్‌లో చూసుకున్నాకే క్రెడిట్ కార్డు బయటికి తీయండి.

విదేశీ సర్వీసులకు కార్డు పెట్టేటప్పుడు ఇంకో సంగతి. రిజర్వ్ బ్యాంకు ఈ-మాండేట్ (కార్డు నుంచి వేళకు డబ్బు దానంతటదే తీసుకోనిచ్చే అనుమతి) నిబంధనల వల్ల కొన్ని కార్డుల మీద డాలర్ సబ్‌స్క్రిప్షన్ ఆటో డెబిట్ కాదు. పేమెంట్ ఫెయిలైతే ఆటోమేషన్ ఆగిపోతుంది. బోర్డు మీద కొత్త టాస్కులు లేవు కాబట్టి సైటు బాగుందనుకుని అందరూ ప్రశాంతంగా ఉంటారు. వారానికి ఒకసారి "నేను నడుస్తున్నాను" అనే చిన్న కామెంటు పెట్టేలా ఏర్పాటు చేసుకుంటే ఈ మోసం ఉండదు.

గూగుల్ వర్క్‌స్పేస్ వాడేవాళ్లకు యాప్స్ స్క్రిప్ట్ ఉంది. నో-కోడ్ అనలేం, కాస్త జావాస్క్రిప్ట్ రావాలి. అనలిటిక్స్ డేటా ఏపీఐని నేరుగా పిలవగలదు, టైమ్ ట్రిగ్గర్ ఉంది, ఒక్కసారికి 6 నిమిషాల పరిమితి. కోడ్ చదవగలిగే మనిషి ఉన్నచోట ఇది అన్నిటికంటే చవక. ఆ మనిషి ఉద్యోగం మారితే ఆ స్క్రిప్ట్‌ను ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు, అదొక్కటే బాధ.

అటు నుంచి ఇటు: పనుల కబురు అనలిటిక్స్‌కు

ఇంతసేపూ అనలిటిక్స్ నుంచి బోర్డుకు వెళ్లే దారి గురించే చెప్పాను. రెండో దారి కూడా విలువైనదే: "చెకవుట్ పేజీ మార్చాం" అనే టాస్క్ పూర్తయిన రోజు అనలిటిక్స్ గ్రాఫ్ మీద గుర్తు పడాలి. లేకపోతే మూడు నెలల తర్వాత ఆ గీత ఎందుకు లేచిందో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ చాలా పాఠాలు మెజర్‌మెంట్ ప్రోటోకాల్‌తో (బయటి నుంచి అనలిటిక్స్‌లోకి నేరుగా డేటా పంపే పద్ధతి) ఈవెంట్ పంపమంటాయి. జిరా ఆటోమేషన్ అయితే మధ్యలో ఎవరూ లేకుండా వెబ్ రిక్వెస్ట్ నేరుగా పంపగలదు కాబట్టి చూడ్డానికి సులువుగా ఉంటుంది. నేను వద్దంటాను. ఆ ప్రోటోకాల్ ప్రతి ఈవెంట్‌తో ఒక క్లయింట్ ఐడీ అడుగుతుంది, అంటే ఒక సందర్శకుడి గుర్తింపు. మీరు ఏదో ఒక ఐడీ కల్పించి పంపితే, మీ జిరా టికెట్ ఒక సందర్శకుడిగా లెక్కలో చేరుతుంది. పైగా తప్పు డేటా పంపినా అది "అందింది" అనే జవాబే ఇస్తుంది. పరీక్షించుకోవడానికి వేరే వ్యాలిడేషన్ అడ్రస్ ఉంది, దాన్ని చాలామంది వాడరు. గుర్తు పెట్టుకోవడానికే అయితే అనోటేషన్లు, అంటే గ్రాఫ్ మీద తేదీతో రాసుకునే చిన్న నోట్లు, ఉన్నాయి. గూగుల్ అనలిటిక్స్ 4లోకి అవి 2025లో వచ్చాయి. రిలీజులు నెలకు రెండు మూడే అయితే చేత్తో పెట్టుకోండి, దీనికి ఆటోమేషన్ అక్కర్లేదు. ఎక్కువైతే, పూర్తయిన టాస్కుల పేరు, తేదీ ఒక షీట్‌లోకి పంపి, గూగుల్ వారి రిపోర్టు టూల్ లుకర్ స్టూడియోలో ట్రాఫిక్ గ్రాఫ్ పక్కన పెట్టుకోండి.

క్యాంపెయిన్లు నడిపేవాళ్లకు అసలు లంకె యూటీఎం, అంటే సందర్శకుడు ఏ క్యాంపెయిన్ నుంచి వచ్చాడో చెప్పేలా లింకు చివర చేర్చే గుర్తులు. ప్రతి క్యాంపెయిన్ టాస్క్‌కూ ఒక నంబరు ఉంటుంది కదా, దాన్నే యూటీఎం క్యాంపెయిన్ పేరులో చేర్చండి. టాస్క్ పుట్టినప్పుడే ఆ లింకు తయారై కార్డులో చేరేలా మేక్‌లోనో జాపియర్‌లోనో పెట్టవచ్చు. రిపోర్టు వచ్చినప్పుడు ఆ నంబరుతో వెతికి అదే కార్డు కింద సెషన్లు, ఆర్డర్లు కామెంటుగా రాయించవచ్చు. చేత్తో టైప్ చేయనివ్వకండి. అనలిటిక్స్‌కు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేర్వేరు. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తే ఒకే క్యాంపెయిన్ రెండు ముక్కలవుతుంది.

మొదలుపెట్టేముందు

కనెక్షన్ ఎవరి అకౌంట్‌తో ఇస్తున్నారో చూసుకోండి. ఉద్యోగి సొంత జీమెయిల్‌తో కలిపితే, ఆ ఉద్యోగి వెళ్లిపోయిన రోజే అన్నీ ఆగుతాయి. సంస్థ పేరు మీద వేరే అకౌంట్ తెరిచి, దానికి అనలిటిక్స్‌లో చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి. కొనుగోలుదారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఈ గొట్టంలోకి రానివ్వకండి. గూగుల్ అనలిటిక్స్ నిబంధనలు ఒప్పుకోవు, 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అమ్మే సైటైతే ప్రాపర్టీ టైమ్‌జోన్ చూడండి. అది పసిఫిక్ సమయంలో ఉంటే అక్కడి రోజు ముగిసేది మనకు మధ్యాహ్నం 12:30కో 1:30కో. ఉదయం 9 గంటలకు మీరు "నిన్న" అని అడిగితే అనలిటిక్స్ తన నిన్నటి లెక్క ఇస్తుంది, అది మీకు మొన్న. తేదీని కార్డు పేరులోనే రాయిస్తే వాదనలు తగ్గుతాయి.

చిన్న పేజీలకు కనీస హద్దు పెట్టండి. పోయిన వారం నలుగురు, ఈ వారం ఇద్దరు వచ్చిన పేజీ కూడా లెక్క ప్రకారం 50 శాతం పడినట్టే. పోయిన వారం కనీసం 100 సెషన్లు ఉన్న పేజీలనే చూడమంటే చాలా చెత్త పోతుంది. ప్రతి టాస్క్‌లో పేజీ అడ్రస్‌ను ఒక కస్టమ్ ఫీల్డ్‌లో పెట్టి, కొత్తది పుట్టించేముందు దానితో వెతకమనండి. పాతది తెరిచి ఉంటే కామెంటు, లేకపోతే కొత్త కార్డు.

మొదటి రెండు వారాలు ఎవరికీ అసైన్ చేయకుండా విడిగా ఒక లిస్టులో పడేలా పెట్టి, వచ్చిన కార్డుల్లో నిజంగా పని ఉన్నవి ఎన్నో చూసుకోండి. సగం కూడా లేకపోతే హద్దులు బిగించి ఇంకో రెండు వారాలు అక్కడే ఉంచండి. పెద్ద ప్లాన్ కొనే సంగతి ఆ తర్వాత చూడొచ్చు.